కార్డియోవాస్కులర్ సైన్స్‌లో మాస్టర్స్: చేరే ముందు పోవాల్సిన అపోహలు

గుండె కండర కణాల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంటాను, లండన్‌లో. మాస్టర్స్ కూడా బ్రిటన్‌లోనే చేశాను. ప్రతి ఏడాది సెప్టెంబర్ అడ్మిషన్ల ముందు హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి, వరంగల్ నుంచి ఈ కోర్సు గురించి అడుగుతూనే ఉంటారు. బీఫార్మసీ వాళ్లు, బయోటెక్ వాళ్లు, అప్పుడప్పుడు ఎంబీబీఎస్ పూర్తయినవాళ్లు. ఇంట్లోవాళ్లు పొలమో బంగారమో తాకట్టు పెట్టి పంపే చదువు కాబట్టి, మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అపోహ: ఇది చదివితే గుండె డాక్టర్ కాకపోయినా, కనీసం ఆస్పత్రిలో ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) తీసే ఉద్యోగం వస్తుంది.

రాదు. అన్నిటికంటే ఎక్కువ మందిని దెబ్బతీసే అపోహ ఇదే. మన దేశంలో కార్డియాలజిస్ట్ కావాలంటే ఎంబీబీఎస్, ఆ తర్వాత ఎండీ, ఆపైన నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాసి డీఎం. ఆ దారిలో ఈ ఎమ్మెస్సీ ఎక్కడా లేదు. బ్రిటన్‌లో ఈసీజీలు, ఎకోలు, పేస్‌మేకర్ చెకప్‌లు చూసేవాళ్లను కార్డియాక్ ఫిజియాలజిస్టులు అంటారు, వాళ్లు ఆస్పత్రి శిక్షణ కలిసి ఉన్న డిగ్రీ నుంచి వస్తారు. లేదంటే సైంటిస్ట్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ ఉంది, అది జీతమిస్తూ నేర్పే 3 ఏళ్ల శిక్షణ, పూర్తయ్యాక ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే హెచ్‌సీపీసీ అనే సంస్థలో క్లినికల్ సైంటిస్ట్‌గా రిజిస్టర్ కావచ్చు, కానీ అందులో సీటు కోసం పోటీ చాలా ఎక్కువ. ఎకోకి బ్రిటిష్ సొసైటీ ఆఫ్ ఎకోకార్డియోగ్రఫీ అక్రెడిటేషన్ అడుగుతారు. దానికి థియరీ పరీక్ష, వందల కేసుల లాగ్‌బుక్, ప్రాక్టికల్ అన్నీ ఉంటాయి. మన కోర్సులో ఎకో గురించి ఒక మాడ్యూల్ ఉండొచ్చు, ప్రోబ్ (స్కాన్ చేసే పరికరం) చేతికిచ్చి ఒక పూట చూపించొచ్చు కూడా, అంతమాత్రాన పేషెంట్ మీద పెట్టే అర్హత రాదు.

పేర్లు కూడా తికమక పెడతాయి. మన దగ్గర కార్డియోవాస్కులర్ టెక్నాలజీ, కార్డియాక్ కేర్ టెక్నాలజీ అని ఉండే కోర్సులు వేరు. వాటిలో క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే చోటు), ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) గదుల్లో నిలబడి నేర్చుకుంటారు. ఆస్పత్రి పనే మీకు ఇష్టమైతే అవే మీకు సరైనవి, దానికి లండన్ రావాల్సిన పని లేదు. కన్సల్టెన్సీ వాళ్లు రెండింటినీ కలిపి చెప్తుంటే ఒక్కటే అడగండి: ఈ డిగ్రీతో ఏ రిజిస్టర్‌లో నా పేరు ఎక్కుతుంది? సమాధానం లేకపోతే అది రీసెర్చ్ డిగ్రీ అన్నమాట.

ఎంబీబీఎస్ వాళ్లకూ ఇదే మాట. బ్రిటన్‌లో ప్రాక్టీస్ చేయాలంటే జీఎంసీ (అక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్, దానికి ప్లాబ్ పరీక్ష లాంటి దారులు వేరే ఉన్నాయి. ఈ ఎమ్మెస్సీ వాటికి బదులు కాదు. రీసెర్చ్ చేసే డాక్టర్ కావాలనుకుంటే మాత్రం నిజంగా పనికొస్తుంది.

అపోహ: ఏడాది కోర్సే కదా, క్లాసులు విని పరీక్షలు రాస్తే అయిపోతుంది.

ఏడాదిలో 180 క్రెడిట్లు. అందులో మూడో వంతు సాధారణంగా రీసెర్చ్ ప్రాజెక్టే. క్లాసులు ఆ ప్రాజెక్టుకు సిద్ధం చేయడానికే ఉంటాయి, అసలు చదువు ల్యాబ్‌లో మొదలవుతుంది.

మా దగ్గర జరిగే ఒక పని చెప్తాను. ఎలుక గుండెను బయటకు తీసి, బృహద్ధమనిలో సన్నని గొట్టం పెట్టి వేలాడదీసి, 37 డిగ్రీల వెచ్చని ద్రావణాన్ని వెనక్కి, అంటే గుండె సొంత రక్తనాళాల్లోకి పంపిస్తాం. 1895లో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ చూపించిన పద్ధతే ఇది. మొదట కాల్షియం లేని ద్రావణం, దాంతో గుండె కొట్టుకోవడం ఆగిపోతుంది. తర్వాత కొలాజినేజ్ ఎంజైమ్, అది కణాలను కలిపి ఉంచే అల్లికను కరిగిస్తుంది. గుండె మెత్తబడ్డాక తీసి, ముక్కలు చేసి, వడగట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే బతికిన కణాలు ఇటుకల్లా పొడుగ్గా, అంచులు పదునుగా, అడ్డచారలతో కనిపిస్తాయి. చచ్చినవి గుండ్రంగా ముడుచుకుపోయి ఉంటాయి. అప్పుడు కాల్షియాన్ని కొంచెం కొంచెంగా తిరిగి కలపాలి. తొందరపడి ఒకేసారి పోస్తే బాగున్న కణాలు కూడా కళ్ల ముందే ముడుచుకుపోతాయి. అంతా సరిగ్గా జరిగినా ఆ కణాలు కొలతలకు పనికొచ్చేది కొన్ని గంటలే, అందుకే కణాలు బాగా వచ్చిన రోజు భోజనం సంగతి కూడా గుర్తుండదు, రాత్రి దాకా కొలుస్తూనే ఉంటాం.

గుండె తీసే పని స్టూడెంట్స్ చేయరు. 1986 నాటి చట్టం ప్రకారం బ్రిటన్‌లో జంతు ప్రయోగాలకు వ్యక్తిగత లైసెన్స్ ఉండాలి, మాస్టర్స్ గడువులో అది తెచ్చుకోవడం చాలామందికి కుదరదు. కాబట్టి మీకు వచ్చేది లైసెన్స్ ఉన్నవాళ్లు విడదీసి ఇచ్చిన కణాలో, స్టెమ్ సెల్స్ నుంచి పెంచిన గుండె కణాలో, ఆపరేషన్‌లో దొరికిన కణజాలమో, లేదా పూర్తిగా కంప్యూటర్ మీద డేటానో అయ్యుంటుంది. డేటా ప్రాజెక్ట్ వస్తే చిన్నబుచ్చుకోకండి.

అపోహ: బైపీసీ వాళ్లం, లెక్కలతో మాకేం పని?

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. గుండెపోటు వచ్చినవాళ్లలో మధ్యమధ్య అదనపు బీట్స్ వస్తుంటాయి, అవి ఎక్కువున్నవాళ్లు హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు ఆ బీట్స్‌ని అణిచే మందు ఇస్తే ప్రాణాలు నిలవాలి కదా? అందరూ అలాగే అనుకున్నారు, మందులు రాశారు. కాస్ట్ అనే ట్రయల్‌లో ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్ అనే మందులను ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూస్తే, బీట్స్‌ని అణిచే మందులు తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు. 1989లో ఆ రెండు మందుల భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఎంత చక్కటి లాజిక్ ఉన్నా, సరిగ్గా పోల్చి లెక్క కట్టేదాకా దాన్ని నమ్మకూడదని ఈ రంగం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. ఈ డిగ్రీ నేర్పే అసలు విషయం కూడా అదే.

మీ ప్రాజెక్టులోనూ ఇదే ఎదురవుతుంది. 5 ఎలుకల నుంచి 60 కణాలు కొలిచారనుకోండి, మీ శాంపిల్ సైజ్ ఎంత? చాలామంది 60 అని రాస్తారు. ఒకే గుండె నుంచి వచ్చిన కణాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి వాటిని 60 విడి సాక్ష్యాలుగా లెక్కేస్తే లేని తేడా కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. కణాలు ఏ గుండెవో గుర్తుపెట్టుకునే పద్ధతిలో విశ్లేషించాలి. వైవాలో తప్పకుండా అడుగుతారు. రాకముందే ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ మీద కొంచెం చెయ్యి తిప్పుకుని రండి, ఫ్రీగా దొరుకుతుంది.

అపోహ: ఇదంతా తెల్లవాళ్ల గుండెల మీద, తెల్లవాళ్లు చేసే సైన్స్.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. గుండె కండరం క్షణక్షణం శక్తిని అందుకునేందుకు వాడుకునే పదార్థం అది. గుండె వైఫల్యం ఉన్న పేషెంట్లలో ఫాస్ఫోక్రియాటిన్‌కీ, కణాలు నేరుగా ఖర్చుపెట్టే శక్తి పదార్థమైన ఏటీపీకీ ఉన్న నిష్పత్తిని ఇప్పుడు ఎంఆర్ఐ స్కానర్‌లోనే కొలుస్తున్నారు. ఈ క్లాసులో కూర్చున్నప్పుడు ఆయన పేరు మీకు తెలిసి ఉండాలని నా కోరిక.

హైదరాబాద్ సీసీఎంబీ (కణాల, జన్యువుల పరిశోధనా కేంద్రం) సంగతి కూడా చూడండి. అక్కడివాళ్లు 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం దక్షిణాసియా జనాభాలో దాదాపు 4 శాతం మందిలో ఎంవైబీపీసీ3 అనే గుండె కండర జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాల ముక్క ఉండదు, ఆ లోపం గుండె కండర జబ్బులతో ముడిపడి ఉంది. అయితే ఆ లోపం ఉన్న అందరికీ జబ్బు రాదు. ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అన్నది ఇంకా పని జరుగుతున్న ప్రశ్న, దాని మీద మన పిల్లలు పనిచేయాలి.

అపోహ: ఉద్యోగాలు గుండె మందుల కంపెనీల్లోనే ఉంటాయి.

టెర్ఫెనడిన్ అని అలర్జీ మాత్ర ఉండేది. కొందరిలో అది గుండె కణాల్లోని ఒక పొటాషియం ఛానల్‌ను మూసేసి ప్రాణాంతకమైన లయ దోషం తెచ్చింది, 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. అప్పటి నుంచి జాగ్రత్త పెరిగింది, 2005 నాటికి అంతర్జాతీయ మార్గదర్శకాలూ వచ్చాయి. ఇప్పుడు కొత్త మందు ఏ జబ్బుకైనా సరే గుండె లయను చెడగొడుతుందేమో పరీక్షించాలి. క్లినికల్ ట్రయల్స్, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా), మెడికల్ రైటింగ్ ఉద్యోగాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. పీహెచ్‌డీ గురించి ఒక్క మాట, బ్రిటన్‌లో ఫండింగ్ ఉన్న సీట్లు ఉన్నాయి కానీ విదేశీ విద్యార్థుల ఫీజు తేడాను అన్నీ భరించవు, ముందే కనుక్కోండి.

వీసా సంగతి క్లుప్తంగా. చదువయ్యాక గ్రాడ్యుయేట్ రూట్ (అక్కడే ఉండి పనిచేసుకునే వీసా) 2026 చివరిలోగా అప్లై చేస్తే 2 ఏళ్లు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే మాస్టర్స్ వాళ్లకు 18 నెలలు. 2024 జనవరి నుంచి ఇలాంటి క్లాసుల కోర్సుకు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకురావడం కుదరదు. ఏడాది డిగ్రీ ఇండియాలో చెల్లదన్న భయం మాత్రం అక్కర్లేదు, 2022 జులైలో రెండు దేశాల మధ్య గుర్తింపు ఒప్పందం కుదిరింది.

అపోహ: ర్యాంకు చూసి యూనివర్సిటీ ఎంచుకుంటే చాలు.

ర్యాంకు కంటే ముందు ప్రాజెక్టుల జాబితా అడగండి. పోయినేడాది స్టూడెంట్స్ ఏ ప్రాజెక్టులు చేశారు, వాటిలో ల్యాబ్ ఎన్ని, డేటా ఎన్ని, సూపర్‌వైజర్‌ను మనమే ఎంచుకోవచ్చా, ఇవి తెలియాలి. నచ్చిన సూపర్‌వైజర్ ఇటీవల రాసిన పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో మీకు అర్థం కాని ఒక్క గ్రాఫ్ గురించి నాలుగు లైన్ల మెయిల్ రాయండి. సీవీలో ఉన్నదంతా మెయిల్‌లో మళ్లీ రాయొద్దు. రెండు వారాలు ఆగినా జవాబు రాకపోతే ఇంకోసారి రాయండి, వాళ్లేమీ అనుకోరు.