డ్రైవ్‌పై నడిచే ఇండక్షన్ మోటారుకు మోడల్: అపోహలు - వాస్తవాలు

జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో డ్రైవ్‌లు (మోటారుకు అందే వోల్టేజి, ఫ్రీక్వెన్సీలను మార్చి వేగాన్ని అదుపు చేసే పరికరాలు) బిగించి ట్యూన్ చేసే యువ ఇంజినీర్ల నోట, మోటారు ప్రవర్తనను లెక్కగట్టే మోడల్ గురించి తరచుగా వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. వీటిలో రెండవదాని వల్ల జరిగే నష్టమే అన్నిటికన్నా ఎక్కువని నా అభిప్రాయం.

అపోహ: కాలేజీలో చదివిన ఒక ఫేజు ఈక్వివలెంట్ సర్క్యూట్ (మోటారును రెసిస్టెన్సులు, ఇండక్టెన్సులుగా చూపే సర్క్యూట్) ఉంటే చాలు.

వాస్తవం: నిలకడైన వేగంతో సైన్ వేవ్ సరఫరాపై నడిచే మోటారుకు ఆ సర్క్యూట్ చక్కగా సరిపోతుంది. అయితే డ్రైవ్ వేగాన్ని మార్చినప్పుడు గానీ, లోడు ఒక్కసారిగా మీద పడినప్పుడు గానీ రోటార్ (మోటారులో తిరిగే భాగం) ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, వెంటనే మారదు. కొన్ని కిలోవాట్ల మోటారులో దాని టైమ్ కాన్‌స్టాంట్ (మార్పు ఎంత త్వరగా జరుగుతుందో చెప్పే కొలత) సాధారణంగా 0.1 నుంచి 0.3 సెకన్ల వరకు ఉంటుంది. ఆ సంధికాలాన్ని పట్టుకోవాలంటే, 1929లో ఆర్.హెచ్. పార్క్ సింక్రనస్ యంత్రాల కోసం ప్రతిపాదించిన రెండు అక్షాల పద్ధతి నుంచి ఎదిగిన డీ-క్యూ మోడల్ (మూడు ఫేజులను లంబంగా ఉండే డీ, క్యూ అనే రెండు అక్షాలుగా మార్చి చూసేది) కావాలి.

అపోహ: ఆటోట్యూన్ (డ్రైవే మోటారు విలువలను కొలుచుకునే పరీక్ష) ఒకసారి చేస్తే ఆ విలువలు ఇక మారవు.

వాస్తవం: రాగి రెసిస్టెన్సు ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం, రోటార్‌లోని అల్యూమినియం కడ్డీలది సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఏప్రిల్‌లో ఉదయాన్నే 30 డిగ్రీల దగ్గర ట్యూన్ చేసిన మోటారు, మధ్యాహ్నం రేకుల షెడ్డులో చిక్కటి ద్రావణాన్ని కలుపుతూ లోపల 110 డిగ్రీలకు చేరితే, రోటార్ రెసిస్టెన్సు మూడో వంతు దాకా పెరిగి ఉంటుంది. ఎన్‌కోడర్‌తో (షాఫ్టు వేగాన్ని కొలిచే సెన్సర్‌తో) పనిచేసే ఇండైరెక్ట్ వెక్టర్ కంట్రోల్‌లో (ఫ్లక్స్, టార్క్‌లను విడివిడిగా అదుపు చేసే పద్ధతిలో) డ్రైవ్ స్లిప్‌ను, అంటే తిరిగే అయస్కాంత క్షేత్రం కన్నా రోటార్ ఎంత వెనకబడుతుందో, లెక్కగట్టేది ఆ రెసిస్టెన్సును బట్టే. నేమ్‌ప్లేటు మీద నిమిషానికి 1440 చుట్లు అని ఉన్న నాలుగు పోళ్ల మోటారును తీసుకుందాం. ఆ వేగం వేడెక్కిన మోటారుది, అంటే పూర్తి లోడులో స్లిప్ 2 హెర్ట్‌జులు. చల్లగా ఉన్నప్పటి విలువను నమ్ముకున్న డ్రైవ్ మాత్రం సుమారు 1.5 హెర్ట్‌జులే ఇస్తుంది. దాంతో ఫ్లక్స్ కోణం తప్పి, కరెంటులో అయస్కాంతీకరణ వాటా పెరిగి, కోరు సాచురేషన్‌లోకి (ఇనుము ఇంకా అయస్కాంతీకరణను సులువుగా తీసుకోలేని స్థితిలోకి) జారి, కోరిన టార్క్‌కూ వచ్చే టార్క్‌కూ పొంతన ఉండదు. అందుకే మోటారును లోడు మీద కొంతసేపు నడిపి, వేడెక్కిన తరువాత విలువలను సరిచూడడం, ఉష్ణోగ్రతను బట్టి సవరించుకునే సదుపాయం డ్రైవ్‌లో ఉంటే దాన్ని వాడుకోవడం తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను. రీవైండింగ్‌కు వెళ్లి వచ్చిన మోటారుకైతే, తీగ గేజి గానీ చుట్ల సంఖ్య గానీ మారి ఉండవచ్చు కనుక, పాత విలువలను పూర్తిగా పక్కన పెట్టాలి.

అపోహ: వోల్టేజి, ఫ్రీక్వెన్సీల నిష్పత్తి మారకపోతే ఫ్లక్స్ కూడా మారదు.

వాస్తవం: 50 హెర్ట్‌జుల దగ్గర ఇది దాదాపు నిజమే. 5 హెర్ట్‌జులకు దిగితే 415 వోల్టుల స్టార్ మోటారుకు ఫేజుకు అందేది 24 వోల్టులు మాత్రమే. స్టేటర్ (కదలని భాగం) వైండింగు రెసిస్టెన్సు 0.7 ఓమ్‌లు, కరెంటు 15 ఆంపియర్లు అనుకుంటే అందులో పదిన్నర వోల్టులు ఆ రెసిస్టెన్సులోనే పోతాయి. దీనికి ఇన్వర్టర్ (డ్రైవ్‌లో డీసీని ఏసీగా మార్చే భాగం) డెడ్ టైమ్, అంటే పై, కింది స్విచ్‌లు రెండూ ఆపి ఉంచే స్వల్ప విరామం, తోడవుతుంది: 3 మైక్రోసెకన్ల డెడ్ టైమ్, 4 కిలోహెర్ట్‌జుల స్విచింగ్, సుమారు 590 వోల్టుల డీసీ బస్సు (ఇన్వర్టర్‌కు అందే డీసీ సరఫరా) ఉంటే మరో 7 వోల్టుల తేడా వస్తుంది. ఈ రెండూ లేని మోడల్ తక్కువ వేగంలో చూపే టార్క్‌ను నమ్మడానికి లేదు.

అపోహ: లాక్డ్ రోటార్ పరీక్షలో (రోటార్‌ను కదలకుండా బిగించి చేసే పరీక్షలో) వచ్చిన రోటార్ రెసిస్టెన్సును నేరుగా వాడుకోవచ్చు.

వాస్తవం: ఆ పరీక్షలో రోటార్ కడ్డీల్లో 50 హెర్ట్‌జుల కరెంటు పారుతుంది, నడకలో పారేది 2 హెర్ట్‌జులది. లోతైన కడ్డీల్లో స్కిన్ ఎఫెక్ట్ (ఫ్రీక్వెన్సీ పెరిగితే కరెంటు కడ్డీ పైభాగానికే పరిమితం కావడం) వల్ల విలువ ఎక్కువగా కనిపిస్తుంది కనుక, పరీక్షను తగ్గించిన ఫ్రీక్వెన్సీతో చేయాలి.

అపోహ: మంచి డీ-క్యూ మోడల్ ఉంటే మోటారు గురించి అన్నీ తెలుస్తాయి.

వాస్తవం: డ్రైవ్ నుంచి మోటారుకు పొడవాటి కేబులు ఉంటే, ప్రతి పల్సు అంచు దగ్గర తరంగం ప్రతిఫలించి, టెర్మినళ్ల వద్ద డీసీ బస్సుకు దాదాపు రెట్టింపు, అంటే 1,180 వోల్టుల దాకా పడవచ్చు. డీ-క్యూ మోడల్‌లో ఇది కనిపించనే కనిపించదు. ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో తేల్చాలంటే కేబులు పొడవు, పల్సు ఎక్కే సమయం, వైండింగ్ కెపాసిటెన్సులతో అధిక ఫ్రీక్వెన్సీ మోడల్‌ను విడిగా కట్టుకోవాలి.