పేనుబంకకు మందు సరే, నీళ్లు ఏవి కలుపుతున్నారు?

కిటికీ దగ్గర పెట్టిన మిరప మొక్క ఆకులు ముడుచుకుపోయి, ముట్టుకుంటే జిగటగా తగులుతుంటే ఒక లేత ఆకు తిప్పి చూడండి. ఆవగింజంత కూడా లేని పచ్చటి పురుగులు ఈనె వెంబడి గుంపుగా, మూతి ఆకులోకి గుచ్చి కదలకుండా ఉంటాయి. పక్కన తెల్లటి పొట్టులా కనిపించేది దుమ్ము కాదు, అవి విడిచిన కుబుసం. వేరుశనగ, అలసంద చేలల్లో మన రైతులు పేనుబంక అనేది ఈ జాతి పురుగులనే.

వీటికి మామూలుగా మగపురుగుతో పనే లేదు. తల్లి గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటుంది, ఆ పిల్లల కడుపులో అప్పటికే వాటి పిల్లలు తయారవుతూ ఉంటాయి, వారం పది రోజులకు అవీ కనడం మొదలుపెడతాయి. చేలో అయితే అక్షింతల పురుగులు తినేస్తాయి, ఇంట్లో వాటిని అడిగేవాళ్లు లేరు.

సబ్బు నీళ్లు వీటి ఒంటి మీది మైనం పొరను చెదరగొడతాయి, ఊపిరి రంధ్రాలను మూసేస్తాయి. అయితే తడిగా ఉండి పురుగును తాకితేనే ఆ పని జరుగుతుంది, ఆరిపోయాక ఏమీ ఉండదు. అందుకే ఆకు పైన కొట్టి వదిలేస్తే లాభం లేదు, అడుగున తడవాలి.

ఇక అసలు సంగతి. అనంతపురంలో చాలా ఇళ్లలో బోరు నీళ్లే, బకెట్ అంచున తెల్లగా గారకట్టేవి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి విరిగిన పాలలా తెట్టు కడతాయి, ఆ తెట్టుకు పురుగును చంపే శక్తి ఉండదు, పైగా స్ప్రే సీసా మూతి పూడుకుపోతుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు గానీ, వాన నీళ్లు గానీ వాడండి, లేదంటే క్యాన్ నీళ్లు. తోటపనికి అమ్మే పొటాషియం సబ్బు ద్రావణమైతే లీటరుకు 10 మి.లీ. చాలు. బట్టల సర్ఫు మాత్రం వద్దు, ఆకులు మాడతాయి. కుంకుడు రసానికి ఈ బాధ అంతగా లేదు, బోరు నీళ్లలోనూ నురగ ఇస్తుంది (మన అవ్వలు దాంతోనే తలంట్లు పోశారు కదా), వేపనూనె కలవడానికీ పనికొస్తుంది.

వేపనూనె లీటరుకు 5 మి.లీ., ముందు సబ్బులోనో కుంకుడు రసంలోనో బాగా గిలకొట్టి తర్వాత నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైకి తేలుతుంది. వేపలోని అజాడిరక్టిన్ పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది, అందుకే ఫలితం అదే రోజు కనపడదు. ఎండకు అది త్వరగా చెడిపోతుంది కూడా. ఇక్కడి ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, పొద్దుగూకాక చల్లబడిన తర్వాతే కొట్టండి, అదీ ముందు ఒక్క ఆకు మీద కొట్టి మర్నాడు చూసి.

ఐదారు రోజులకోసారి మళ్లీ కొట్టాలి, తప్పించుకున్న పిల్లలు పెద్దవై కనకముందే. ఈ పురుగులు వదిలే తీపి జిగట కోసం చీమలు వరసగా కుండీ ఎక్కుతూనే ఉంటే పేనుబంక ఇంకా ఎక్కడో ఉన్నట్టే, మొగ్గల సందుల్లో వెతకండి.