పాత టైల్స్ మీద కొత్త చెక్క

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఓ పాత ఫ్లాటులోని పడకగదికి వుడెన్ ఫ్లోరింగ్ వేయించాలనుకునేవారు ముందుగా అడిగేది, ఉన్న టైల్స్ పగలగొట్టాలా అని. చాలా ఇళ్లలో ఆ అవసరం ఉండదు. కింద విట్రిఫైడ్ టైల్స్ ఉన్నా, మొజాయిక్ ఉన్నా, నాపరాళ్లున్నా, ఆ నేల గట్టిగా, సమంగా, పొడిగా ఉంటే దాని మీదే చెక్క పరచవచ్చు. ఈ మూడు షరతులూ మేస్త్రీల చాదస్తం కావు. చెక్క స్వభావంలోంచి పుట్టినవి.

చెట్టును కొట్టి ఎన్నేళ్లయినా కర్ర గాలిలోని తేమను పీల్చడం, వదలడం మానదు. కర్ర కణాల గోడల్లోని సెల్యులోజ్‌కు నీటి అణువులు అతుక్కున్నప్పుడు ఆ గోడలు ఉబ్బుతాయి, నీరు వదిలినప్పుడు ముడుచుకుంటాయి. చాలా జాతుల్లో గోడలు పూర్తిగా తడిసే స్థాయి పొడి కర్ర బరువులో సుమారు 30 శాతం. అంతకు మించిన నీరు కణాల లోపలి ఖాళీల్లో నిలుస్తుందే తప్ప కర్ర కొలతను మార్చదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టుకోగల తేమలో ఎంత శాతం ఉందనే కొలత) 30 శాతం ఉంటే కర్రలోని తేమ క్రమంగా 6 శాతం దగ్గర, 80 శాతం ఉంటే 16 శాతం దగ్గర స్థిరపడుతుంది. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నపు గాలి ఆర్ద్రత 30 శాతానికీ, ఆగస్టు ఉదయపు గాలి ఆర్ద్రత 80 శాతానికీ దగ్గరగా ఉంటాయి. వానాకాలంలో పట్టేసిన తలుపు ఎండాకాలంలో మళ్లీ సులువుగా మూసుకుపోవడం ఇందువల్లనే.

ఈ ఉబ్బు అన్ని వైపులా ఒకేలా ఉండదు. పలక పొడవు దాదాపు మారదు, మార్పంతా వెడల్పులో, మందంలోనే. ఓక్ మానును సాధారణ పద్ధతిలో కోసిన పలక, తేమ ఒక్క శాతం పెరిగితే, వెడల్పులో సుమారు 0.37 శాతం పెరుగుతుంది. టేకు అందులో సగం మాత్రమే. 3 మీటర్ల వెడల్పు గదిలో ఓక్ పలకలను బిగుతుగా పరిచారనుకుంటే, వాటిలోని తేమ 4 శాతం పెరిగేసరికి లెక్క ప్రకారం 44 మిల్లీమీటర్ల అదనపు చోటు కావాలి. చోటు దొరకని చెక్క పైకి లేవక తప్పదు. టేకుకు మన వడ్రంగులు ఇచ్చే గౌరవంలో ఈ తక్కువ కదలిక వాటా చిన్నది కాదు.

ఈ కదలికను తగ్గించేలా చేసిన ఇంజినీర్డ్ వుడ్ పలకలో పైన పలుచని అసలు కర్ర, దాని కింద ప్లైవుడ్‌లా ఒకదానికొకటి అడ్డంగా అతికించిన పొరలు ఉంటాయి. ఒక పొర వెడల్పులో సాగబోతే, ఆ దిశలో దాదాపు మారని పక్క పొర దాన్ని పట్టి ఉంచుతుంది. లామినేట్‌లో కర్ర పీచును ఒత్తి చేసిన పలక మీద చెక్క బొమ్మ ముద్రించిన కాగితపు పొర ఉంటుంది. ఈ రెండు రకాలనూ పాత నేలకు అతికించకుండా, మేకులు కొట్టకుండా, అంచులను ఒకదానిలో ఒకటి బిగించి, పలుచని ఫోమ్ మీద తేలేలా పరుస్తారు. టైల్స్‌ను పగలగొట్టనక్కర లేకపోవడం ఈ పద్ధతి పుణ్యమే.

ఇక పాత నేల పరీక్ష. రూపాయి నాణెంతో ఒక్కో టైలునూ నాలుగు మూలలా, మధ్యలో తట్టి చూడాలి. డొల్లగా మోగిన టైలు కింద సిమెంటు పట్టు లేదని అర్థం. అది అడుగు పడినప్పుడల్లా కదిలితే, పైనున్న పలకల బిగింపు రోజూ కొద్దికొద్దిగా వంగి చివరికి విరుగుతుంది. తర్వాత 2 మీటర్ల తిన్నటి అల్యూమినియం పట్టీని నేల మీద అటూ ఇటూ జరుపుతూ కింది సందు చూడాలి. అది 3 మిల్లీమీటర్లు దాటితే పల్లాన్ని ముందుగా పూడ్చాల్సిందే.

తేమ విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చదు కాబట్టి కింద తేమ లేదనిపిస్తుంది, కానీ టైల్స్ మధ్య సిమెంటు గీతల గుండా ఆవిరి పైకి వస్తూనే ఉంటుంది. గీతలు కలిసే చోట అర మీటరు పాలిథీన్ ముక్కను పరిచి, నాలుగంచులూ టేపుతో మూసి, మర్నాడు తీసి చూస్తే లోపల చెమ్మ పట్టిందో లేదో తెలుస్తుంది. కింది నుంచి తడి తగిలి పైన పొడిగా ఉన్న అసలు కర్ర పలక, అడుగు భాగం మాత్రమే ఉబ్బడంతో, అంచులు లేచి మధ్యలో గుంటపడుతుంది. అందుకే ఫోమ్ కింద పాలిథీన్ షీటును అతుకుల దగ్గర జానెడు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరుస్తారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో చెదల మందు కూడా ముందే వేయించాలి. లామినేట్‌లోని పీచు కూడా కర్రే, చెదలకు తేడా తెలియదు.

ఫోమ్‌తో కలిపి నేల 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలుపుల అడుగు చిత్రిక పట్టించాల్సి రావచ్చు. గోడల వెంట సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దాన్ని కప్పే స్కర్టింగ్‌ను గోడకే బిగించాలి. చాలామంది పాడుచేసేది ఈ ఖాళీనే. గోడ పొడవునా కట్టే బరువైన వార్డ్‌రోబ్‌ను కొత్త చెక్క మీద నిలిపి స్క్రూలు దింపితే, తేలాల్సిన నేల ఒక పక్క కదలకుండా ఇరుక్కుపోతుంది. అందువల్ల అలాంటి వార్డ్‌రోబ్‌ను ముందుగా టైల్స్ మీదే నిలబెట్టించి, దాని ముందు కూడా అంతే ఖాళీ వదిలి, పలకలను ఆ తర్వాతే పరిపించాలి.