అంచు దగ్గర ఆగండి: ఫ్రాక్టల్ బొమ్మల గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

రోజుకో ఫ్రాక్టల్ బొమ్మ, అంటే ఎంత దగ్గరగా చూసినా కొత్త వివరాలు కనిపిస్తూనే ఉండే బొమ్మ, చేసి నలుగురికీ చూపిస్తామన్నారు. చాలా సంతోషం. అయితే ప్రోగ్రాం తెరిచి, కనిపించిన చోటల్లా జూమ్ చేసి, రంగులు తిప్పుతూ పోతే వారం తిరిగేసరికి బొమ్మలన్నీ ఒకేలా అనిపిస్తాయి. లోపల జరిగే లెక్క తెలిస్తే అలా అనిపించదు. చిన్న లెక్కే, ఒక్కసారి కాగితం మీద చేయండి.

ఒక సంఖ్య ఎంచుకోండి. సున్నాను వర్గం చేసి దానికి ఆ సంఖ్య కలపండి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి, మళ్లీ అదే సంఖ్య కలపండి. 1 తీసుకుంటే 1, 2, 5, 26 అంటూ ఎగిరిపోతుంది. -1 తీసుకుంటే -1, 0, -1, 0 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. ఎప్పటికీ పారిపోనివన్నీ కలిస్తే మాండెల్‌బ్రాట్ సెట్. వాటికి నలుపు వేస్తాం. సున్నా నుంచి దూరం 2 దాటిందంటే ఇక తిరిగి రాదు. అది ఎన్నో అడుగులో దాటిందో చూసి రంగు వేస్తాం. తెర మీద బిందువుకు అడ్డం, నిలువు అని రెండు సంఖ్యలుంటాయి కాబట్టి వర్గం ఇలా చేయాలి: అడ్డం వర్గంలోంచి నిలువు వర్గం తీసేస్తే కొత్త అడ్డం, రెండింటి లబ్ధానికి రెట్టింపు కొత్త నిలువు. ఇలాంటి లెక్కల మీద ఫ్రెంచ్ గణితజ్ఞుడు గాస్టన్ జూలియా 1918లోనే, కంప్యూటర్లు లేని రోజుల్లో, పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఫ్రాక్టల్ అనే పేరు 1975లో గణితజ్ఞుడు బెన్వా మాండెల్‌బ్రాట్ పెట్టాడు.

ఇప్పుడు అంచుకు రండి. నిలువు సున్నాగా ఉంచి అడ్డం మాత్రం మారిస్తే, కుడి పక్కన సెట్ 0.25 దగ్గర ఆగిపోతుంది. 0.35 తీసుకుంటే 8 అడుగుల్లో 2 దాటుతుంది. 0.26కి 30 అడుగులు, 0.251కి 97, 0.2501కి 312 పడతాయి. అంచుకు దగ్గరయ్యేకొద్దీ అడుగులు పెరిగిపోతాయి. అడుగుల సంఖ్యను 0.25 నుంచి ఉన్న దూరపు వర్గమూలంతో గుణించి చూడండి: 2.5, 3, 3.07, 3.12 అంటూ పై (π) విలువ 3.14 వైపు నడుస్తాయి, గమనించారా? వృత్తమే లేని చోట పై రావడం ఎన్నిసార్లు చూసినా అబ్బురమే.

మీ బొమ్మల్లో ఎక్కువగా వచ్చే తప్పు కూడా ఇక్కడే ఉంది. ప్రోగ్రాంలో ఇటరేషన్ల పరిమితి, అంటే గరిష్ఠంగా లెక్కించే అడుగుల సంఖ్య, 100 అని ఉంటే, 312వ అడుగులో పారిపోవాల్సిన బిందువు కూడా నల్లగా పడుతుంది. సన్నని తీగలుండాల్సిన చోట నల్లటి ముద్దలు కనిపిస్తే పరిమితిని రెట్టింపు చేసి చూడండి. నలుపు తగ్గితే మళ్లీ రెట్టింపు చేయండి, మారకపోతే ఆపేయండి. అనవసరంగా పెంచితే నల్లటి బిందువులన్నీ పరిమితి దాకా లెక్క చేయించి గంటలు తినేస్తాయి.

మొదటి నెలకు రెండు చోట్లు చాలు. 0.25 దగ్గరి ఆ నొక్కు ఏనుగుల లోయ: తొండాలు వరసగా ఉంటాయి. సెట్ మధ్యలోని పెద్ద హృదయాకారానికీ దాని ఎడమ పక్క గుండ్రటి మొగ్గకీ మధ్య, అడ్డం -0.75, నిలువు 0.1 దగ్గర సముద్రగుర్రాల లోయ ఉంది. ఒకరోజు చోటు కదపకుండా రంగులు మార్చండి, మర్నాడు రంగులు కదపకుండా చోటు మార్చండి. రెండూ ఒకేరోజు మారిస్తే, బొమ్మ దేనివల్ల బాగుపడిందో తెలియదు.

రంగులు మెట్లుమెట్లుగా పడితే, ఒక రంగు ఇంకోదాంట్లోకి మెల్లగా కలిసేలా చేసే స్మూత్ కలరింగ్ పెట్టండి. ప్యాలెట్‌లో, అంటే వాడే రంగుల వరసలో, మొదటి రంగూ చివరి రంగూ ఒకటే కావాలి, లేకపోతే రంగులు తిరిగి మొదలయ్యే ప్రతిచోటా గీత పడుతుంది. తీగల దగ్గర ఇసుక చల్లినట్టు చుక్కలుంటే యాంటీ ఏలియాసింగ్, అంటే పెద్దగా గీసి కుదించి అంచులు నునుపు చేయడం, కావాలి. 1920×1080 బొమ్మను రెండు వైపులా మూడింతలు పెద్దదిగా గీసి కుదించండి. 1 కోటి 86 లక్షల బిందువులు లెక్కవుతాయి, కాబట్టి ఇది ఆఖరున చేసే పని. జూమ్ పది లక్షల కోట్ల రెట్లు దాటాక బొమ్మ గళ్లుగళ్లుగా విరిగితే తప్పు మీది కాదు. మామూలు లెక్కలో 15, 16 అంకెలకు మించి పట్టవు. ఎక్కువ అంకెలతో లెక్కించే సౌకర్యం ఉన్న ప్రోగ్రాంలోనే ఇంకా లోపలికి వెళ్లాలి.

మాండెల్‌బ్రాట్ మీద చెయ్యి కుదిరాక జూలియా సెట్‌లకు వెళ్లండి. అందులో కలిపే సంఖ్య మారదు, మొదలుపెట్టే బిందువు మారుతుంది. కలిపేది అడ్డం -0.123, నిలువు 0.745 అయితే దువాడీ కుందేలు వస్తుంది, అది గణితజ్ఞుడు దువాడీ పేరుతో పిలిచే కుందేలు లాంటి ఆకారం. నిలువును కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. సంఖ్య మాండెల్‌బ్రాట్ సెట్ దాటి బయటపడితే ఆ కుందేలు ధూళిలా విడిపోతుంది.

ఇక పంచుకోవడం. పీఎన్‌జీగానే దాచండి. జేపెగ్‌లో సన్నని తీగల చుట్టూ మురికి చేరుతుంది. ఫోన్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా ఫైలుగా పంపండి. బొమ్మతోపాటు పారామీటర్ ఫైలు, అంటే చోటు, జూమ్, రంగుల వివరాలున్న ఫైలు, తప్పకుండా దాచుకోండి. అది ఉంటే రేపు ఇదే బొమ్మను గోడంత సైజులో మళ్లీ గీయొచ్చు, లేకపోతే ఆ చోటు మళ్లీ దొరకడం కష్టం. ఇంకొకరి పారామీటర్ల నుంచి మొదలుపెట్టి ఉంటే వాళ్ల పేరు బొమ్మ కిందే రాయండి. చోటు చెప్పేటప్పుడు అంకెలు కుదించకండి. వంద కోట్ల రెట్లు జూమ్ చేసిన బొమ్మకు ఎనిమిదో దశాంశం తర్వాతివి వదిలేస్తే, అందుకున్నవాళ్ల తెర మీద మీ బొమ్మ ఉండదు, పక్కనెక్కడిదో ఉంటుంది. చేత్తో కొట్టకుండా ఫైలులోంచే కాపీ చేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య