ఎరీనాకి డబ్బులు కాన్సర్ట్‌తోనా, హాకీతోనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ముందే చెప్తున్నా, ఇక్కడ హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు, మంచు మీద ఆడేది, అమెరికా కెనడాల్లో ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్. నేను ఇక్కడే ఒక ఎరీనాలో, అంటే ఆటలూ పాటలూ రెండూ జరిగే పెద్ద ఇండోర్ హాల్లో, ఈవెంట్ అకౌంట్స్ చూస్తా (ఏ ఎరీనా అని అడక్కండి, ఉద్యోగం ఉండాలిగా). వీకెండ్ ఎవరింటికి భోజనానికెళ్ళినా ఒకటే ప్రశ్న, "అన్నా, హాకీతో మీకేం మిగుల్తుంది, ఒక్క టేలర్ స్విఫ్ట్ వస్తే సీజన్ డబ్బులన్నీ ఒక్క రాత్రిలో లాగేస్తారు కదా" అని. ఆవిడ ఎరాస్ టూర్ మొత్తం స్టేడియాల్లో చేసింది బాబూ, మాలాంటి ఇరవై వేల లోపు సీట్ల ఎరీనాలు ఆవిడకి ఇప్పుడు చిన్న గదుల్లాంటివి.

అపోహ: కాన్సర్ట్ టికెట్ డబ్బంతా ఎరీనాదే

అబ్బే. 2025 మేలో మన తెలుగు సినిమా ఎగ్జిబిటర్లు, అదే థియేటర్ల వాళ్ళు, అద్దెలొద్దు, పర్సంటేజ్ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తాం అన్నారు గుర్తుందా, ఆ గొడవ తెలిసినోళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇక్కడ పర్సంటేజ్ అనేది ఆర్టిస్ట్‌కీ ప్రమోటర్‌కీ (డబ్బు పెట్టి షో పెట్టేవాడు) మధ్య బేరం. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో పెద్ద ఆర్టిస్ట్ 85 శాతం, 90 శాతం కూడా పట్టుకుపోతాడు, మిగతాది ప్రమోటర్‌ది. బిల్డింగ్‌కి వచ్చేది అద్దె, టికెట్‌కి ఇంత అని ఫెసిలిటీ ఫీజు, టికెట్ల సర్వీస్ చార్జీలో కొంత వాటా, పార్కింగ్, తిండీ బీరూ, టీషర్టుల అమ్మకం మీద ఓ ఇరవై పాతిక శాతం, అంతే. అంటే సింగిల్ స్క్రీన్ ఓనర్ క్యాంటీన్ మీదా సైకిల్ స్టాండ్ మీదా బతికినట్టే.

ఊరికే ఒక లెక్క వేద్దాం, అంకెలు నేను ఊహించినవి. 15,000 మంది, టికెట్ వంద డాలర్లు, గ్రాస్ 15 లక్షలు. ఫెసిలిటీ ఫీజు ఐదు డాలర్లయితే 75 వేలు. తలకి ఇరవై డాలర్ల తిండీ తాగుడూ అనుకుంటే 3 లక్షల అమ్మకం, అందులో సరుకుకీ జీతాలకీ సగం పోయిందనుకోండి, లక్షన్నర. పైన అద్దె, పార్కింగ్. మంచి రాత్రే, కాదన్ను, కానీ బయట జనం ఊహించుకునే 15 లక్షలెక్కడ ఇదెక్కడ. ఈ లెక్కంతా తేలేది అదే రాత్రి, షో ఇంకా నడుస్తుండగానే, స్టేజ్ వెనక ఒక చిన్న గదిలో, మేం, ప్రమోటర్ మనిషి, టూర్ అకౌంటెంట్ ముగ్గురం కూర్చుని బిల్లులు ఒక్కొక్కటే తిరగేస్తాం, తువ్వాళ్ళ దగ్గర కూడా పేచీ వస్తుంది నమ్మండి.

ఇంకోటి, హాల్ నిండితే సరిపోదు, ఎవరొచ్చారన్నది ముఖ్యం. కంట్రీ మ్యూజిక్ (ఇక్కడి పల్లె పాటల బాణీ) జనం వస్తే కౌంటర్లలో బీరంతా అయిపోతుంది. టీనేజ్ పిల్లల పాప్ షో అయితే పక్కన అమ్మలొస్తారు, టీషర్టు కొంటారు, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతారు. హాకీకేమో మ్యాచ్‌కి రెండు ఇంటర్వెల్స్, అందరూ ఒక్కసారే లేస్తారు. మా ఫుడ్ వాళ్ళకి హాకీ అంటే అందుకే ప్రేమ.

అపోహ: హాకీ టీమ్ అంటే అద్దె ఎగ్గొట్టే అద్దెవాడు లాంటిది

ఇది ఎవరి జేబు నుంచి చూస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది, నిజానికి మొత్తం గొడవే ఇది. చాలా ఊళ్ళలో టీమ్, బిల్డింగ్ ఒకే ఓనర్‌వి, కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకుంటాడు, అలాంటప్పుడు హాకీ లాభమా నష్టమా అన్నది పేపర్ మీద ఎలా కావాలంటే అలా చూపించొచ్చు. జేబులు వేరైనచోటే అసలు ధర బయటపడుతుంది. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఎరీనా ఉన్న కంపెనీ 2020లో రెండుగా చీలింది, టీమ్‌లు ఒకవైపు, వేదికలు ఒకవైపు. అప్పుడు రాసుకున్న 35 ఏళ్ళ ఒప్పందంలో హాకీ టీమ్ రేంజర్స్ మొదటి పూర్తి సంవత్సరానికి బిల్డింగ్‌కి కట్టాల్సింది సుమారు 1.67 కోట్ల డాలర్లు, ఏటా 3 శాతం పెంపు. అప్పట్లో సీజన్‌లో సొంత గ్రౌండ్ మ్యాచ్‌లు 41 కాబట్టి మ్యాచ్‌కి 4 లక్షల పైమాటే, అదీ గ్యారెంటీగా. టూర్ క్యాన్సిల్ అవుతుందని, సింగర్ గొంతు పోయిందని భయం లేదు.

తమాషా ఏంటంటే అదే గార్డెన్‌లో సింగర్ బిల్లీ జోయెల్ 2014 జనవరి నుంచి 2024 జూలై దాకా నెలకో షో పెట్టాడు (కోవిడ్ గ్యాప్ తీసేస్తే), వాళ్ళు ఆయన్ని టీమ్‌లతో సమానంగా మ్యూజిక్ ఫ్రాంచైజ్ అనే పిలిచారు. కాన్సర్ట్‌ని కూడా టీమ్‌లాగా క్యాలెండర్‌లో కట్టిపడేయాలన్నది ప్రతి ఎరీనా కల.

అపోహ: టీమ్ వెళ్ళిపోతే ఎరీనాకి తాళమే

కాన్సస్ సిటీ ఎరీనా 2007లో తెరిచారు, ఇవాళ్టికీ దానికి ఎన్‌హెచ్‌ఎల్ టీమూ లేదు ఎన్‌బీఏ (బాస్కెట్‌బాల్ లీగ్) టీమూ లేదు, హాయిగా నడుస్తోంది. లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లోని ఫోరమ్ అనే ఎరీనా నుంచి 1999లో బాస్కెట్‌బాల్ లేకర్స్, హాకీ కింగ్స్ ఇద్దరూ మూటాముల్లె సర్దేశారు. 2012లో గార్డెన్ కంపెనీ దాన్ని 2.35 కోట్ల డాలర్లకి కొని, ఇంకా బోలెడు పెట్టి బాగుచేసి, 2014 జనవరిలో ఈగల్స్ బ్యాండ్ షోతో అచ్చంగా సంగీతం కోసమే తెరిచింది. 2020లో క్లిప్పర్స్ అనే బాస్కెట్‌బాల్ టీమ్ ఓనర్ స్టీవ్ బాల్మర్ 40 కోట్ల డాలర్లకి కొన్నాడు, అయితే అందులో కొంత అప్పట్లో ఆయన పక్కన కట్టాలనుకున్న ఎరీనా మీదున్న కేసు వదిలించుకోడానికి ఇచ్చిందే, అదంతా పాటల మహిమ అనుకోకండి.

ఫీనిక్స్ దగ్గర గ్లెన్‌డేల్ ఊరి కథ ఇంకా ఘాటు. ఎరీనా నడిపినందుకు ఊరే కయోటీస్ అనే హాకీ టీమ్‌కి ఏడాదికి 1.5 కోట్ల డాలర్లు ఇచ్చే ఒప్పందం ఉండేది, 2015లో కౌన్సిల్ రద్దు చేసింది. 2021 ఆగస్టులో అసలు లీజే పొడిగించం అని చెప్పేశారు. టీమ్ పోయి ఓ 5,000 సీట్ల యూనివర్సిటీ రింక్‌లో ఆడుకుని 2024లో సాల్ట్ లేక్ సిటీ చేరింది. గ్లెన్‌డేల్‌లో కాన్సర్ట్‌లు జరుగుతూనే ఉన్నాయి.

అపోహ: అయితే అందరూ టీమ్‌ని పంపించేస్తే పోలా

ఇక్కడే మా బుకింగ్ వాళ్ళతో నాకు పడదు. ఒక్క రాత్రి లెక్క తీస్తే మంచి కాన్సర్ట్ హాకీని కొట్టేస్తుంది, బిల్డింగ్ జేబుకి, ఒప్పుకుంటా. కానీ సూట్లు (మ్యాచ్ చూసే ప్రత్యేక గదులు) ఏళ్ళ తరబడి లీజుకి తీసుకునే కంపెనీలు, బోర్డు మీద పేరు కోసం డబ్బు పోసే బ్యాంకులు ముఖ్యంగా చూసేది టీమ్‌నే. టొరంటో ఎరీనాకి 2018 నుంచి స్కోషియాబ్యాంక్ పేరు పెట్టినందుకు 20 ఏళ్ళకి 80 కోట్ల కెనడియన్ డాలర్లని పేపర్లన్నీ రాశాయి, హాకీ టీమ్ మేపుల్ లీఫ్స్, బాస్కెట్‌బాల్ టీమ్ రాప్టర్స్ లేని బిల్డింగ్‌కి అంత ఎవడిస్తాడు చెప్పండి.

ఇబ్బంది తేదీలతో. ప్లేఆఫ్స్ (సీజన్ అయ్యాక పై టీమ్‌లు మాత్రమే ఆడే నాకౌట్ రౌండ్లు) ఏప్రిల్ నుంచి జూన్ దాకా, టీమ్ ఆడుతుందో లేదో తెలియకముందే రాత్రులు పట్టి ఉంచాలి. మొదటి రౌండ్‌లోనే ఓడిపోతే ఆ ఖాళీల్లోకి అప్పటికప్పుడు ఏ టూరూ రాదు. గెలిస్తే మాత్రం పండగే, ఎందుకంటే ఆటగాళ్ళ జీతాలు రెగ్యులర్ సీజన్‌తో అయిపోతాయి, ఆ గేట్ డబ్బులు ఓనర్‌కి మహా తీపి. 2026-27 నుంచి సీజన్‌కి 82 బదులు 84 మ్యాచ్‌లు, అంటే సొంతూళ్ళో 42, బుకింగ్ వాళ్ళు గుండెలు బాదుకున్నారు గానీ ప్రీసీజన్ (సీజన్ ముందు ఆడే ప్రాక్టీస్ మ్యాచ్‌లు) తగ్గించారు కాబట్టి పెద్ద తేడా రాదు.

అపోహ: కాన్సర్ట్ కోసం ఐస్ కరిగించేస్తారు

లేదు, సీజన్ అంతా అలాగే ఉంటుంది, పైన ఇన్సులేషన్ పలకలు పరిచి దాని మీద కుర్చీలేస్తారు. ఫ్లోర్ టికెట్ కొంటే స్వెటర్ తెచ్చుకోండి.

ఇక మన సంగీత దర్శకుల షోలు పెడదామని ఫోన్ చేసేవాళ్ళకి: "అద్దె ఎంత" అని మాత్రమే అడక్కండి. స్టేజ్ యూనియన్ కూలీ, సెక్యూరిటీ, రిగ్గింగ్ (లైట్లూ స్పీకర్లూ పైకప్పుకి వేలాడదీయడం), క్లీనింగ్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే అద్దెని మించిపోతాయి, ఫంక్షన్ హాల్ బుక్ చేసినోడికి డెకరేషన్, జనరేటర్ బిల్లు చూశాక వచ్చే కళ్ళు తిరుగుడే ఇది. ఫిబ్రవరిలో మంగళవారం అయితే బేరం ఆడొచ్చు. మే నెల శనివారం కావాలంటే మాత్రం ఆగండి, ముందు స్టాండింగ్స్ (టీమ్‌ల పాయింట్ల పట్టిక) చూసి చెప్తా.