కష్టమంతా కాయిల్ చుట్టడంలోనే

విజయవాడ ఆటోనగర్‌లో మోటార్ వైండింగ్ షాపు నడిపే మా బాబాయికి ఫోన్లో ఒక ఫొటో చూపించాను. జర్మనీలో వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ అనే యంత్రంలో వాడిన అయస్కాంతపు కాయిల్ అది. మూడున్నర మీటర్ల ఎత్తు, దాదాపు ఆరు టన్నుల బరువు, ఏ పక్క నుంచి చూసినా తిన్నగా ఉండదు, అన్ని వైపులా మెలికలే. సూర్యుడిలో జరిగే పని భూమ్మీద చేయడానికి కట్టారు బాబాయ్ అని చెబుతూనే ఉన్నాను, ఆయన వినిపించుకోలేదు. ఫొటో పెద్దది చేసి అటూ ఇటూ జరుపుతూ, "దీన్ని చుట్టిందెవర్రా? అచ్చు ఎట్లా చేశారు?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్న అదే. ఫ్యూజన్ (సూర్యుడిలోలా తేలిక కేంద్రకాల్ని కలిపి శక్తి తీయడం) మీద మన పేపర్లలో వచ్చే వార్తలు చాలావరకు కోట్ల డిగ్రీల వేడి దగ్గరే ఆగిపోతాయి. వెండెల్‌స్టైన్ స్టెల్లరేటర్ అనే రకం ఫ్యూజన్ యంత్రం. ఆ రకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేడికన్నా ముందు మాట్లాడాల్సింది కాయిళ్ళ గురించి. నడిపేటప్పుడు పడాల్సిన టెన్షన్ అంతా కట్టేటప్పుడే పడే యంత్రం ఇది. నాకు దీనిమీద ఇంత ఇష్టం అందుకే.

ముందు అసలు పనేంటో చూద్దాం. డ్యుటీరియం, ట్రిటియం హైడ్రోజన్‌కే బరువైన రూపాలు. వాటి కేంద్రకాలు రెండు కలిస్తే హీలియం, ఒక న్యూట్రాన్, వాటితోపాటు 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తాయి. ఒక్క గ్రాము ఇంధనం మొత్తం అలా కలిస్తే వచ్చేది సుమారు 90 వేల యూనిట్ల వేడి. అంత వేడి బొగ్గుతో రావాలంటే మేలు రకం బొగ్గే 11 టన్నులు కాల్చాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి వ్యాగన్లకి వ్యాగన్లు బొగ్గు రావడం చూసినవాళ్ళకి ఈ లెక్క విలువ వేరే చెప్పక్కర్లేదు. (రేపు ఫ్యూజన్ ప్లాంటు వచ్చినా చివర్లో జరిగేది ఇబ్రహీంపట్నంలో జరిగేదే, నీళ్ళు ఆవిరవ్వాలి, ఆ ఆవిరితో టర్బైన్ తిరగాలి.) ఇబ్బంది ఎక్కడంటే, రెండు కేంద్రకాలదీ పాజిటివ్ చార్జే కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. సూర్యుడి నడిబొడ్డున కోటిన్నర డిగ్రీలకే పని జరిగిపోతోంది, ఎందుకంటే అక్కడ ఒత్తిడి అంత ఉంది. మనకి ఆ ఒత్తిడి లేదు కాబట్టి వేడి 10 కోట్ల డిగ్రీలు దాటించాలి.

ఆ వేడిలో వాయువు ప్లాస్మా అయిపోతుంది, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరుగుతుంటాయి. చార్జి ఉంది కాబట్టి అవి అయస్కాంత క్షేత్రం మాట వింటాయి, క్షేత్రరేఖ చుట్టూ తిరుగుతూ దాని వెంటే పోతాయి. తిన్నటి గొట్టమైతే చివర్ల నుంచి జారిపోతాయి. సరే, చివర్లు రెండూ కలిపి వలయం చేసేస్తే? అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. వలయంలో కాయిళ్ళు లోపలి వైపు దగ్గరదగ్గరగా, బయటి వైపు ఎడంగా ఉంటాయి, అందుకని క్షేత్రం లోపల బలంగా, బయట బలహీనంగా ఉంటుంది. ఈ తేడా వల్ల అయాన్లు మెల్లగా పైకి, ఎలక్ట్రాన్లు కిందికి (దిశ మారిస్తే అటుదిటు) జరిగిపోయి, పైనా కిందా చార్జి పేరుకుని, దాని వల్ల పుట్టిన విద్యుత్ క్షేత్రం మొత్తం ప్లాస్మాని బయటి గోడకేసి నెట్టేస్తుంది. ఇదంతా రెప్పపాటు కూడా పట్టదు. దీనికి మందు ఒకటే, క్షేత్రరేఖల్ని మెలితిప్పాలి. రేఖ వలయం చుట్టూ పోతూ పోతూ పై నుంచి కిందికి, కింది నుంచి పైకి తిరుగుతుంటే, కణం కాసేపు పైన ఉంటుంది, కాసేపు కింద ఉంటుంది, జరుగుడు అటూ ఇటూ సరిపోతుంది.

మెలి తిప్పడానికి దారులు రెండు. రష్యావాళ్ళ టోకమాక్‌లో ప్లాస్మాలోనే లక్షల ఆంపియర్ల కరెంటు పారిస్తారు, దాని చుట్టూ పుట్టే క్షేత్రమే మెలి ఇస్తుంది. స్టెల్లరేటర్‌లో ఆ పని పూర్తిగా బయట ఉన్న కాయిళ్ళే చేయాలి.

రెండో దారి కనిపెట్టింది ప్రిన్స్‌టన్‌లోని ఖగోళ శాస్త్రవేత్త లైమన్ స్పిట్జర్. 1951 మార్చిలో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్, తమ దేశంలో ఫ్యూజన్ సాధించేశామని ప్రకటించాడు. అందులో నిజం లేదని తర్వాత తేలింది, కానీ ఆ వార్త చెవినపడేసరికి స్పిట్జర్ ఆస్పెన్ కొండల్లో స్కీయింగ్‌కి బయల్దేరుతున్నాడు. అక్కడ మంచులో తిరుగుతూ, అసలు అంత వేడి వాయువుని ఎలా పట్టుకోవచ్చా అని ఆలోచించాడు. వలయాన్ని 8 అంకెలా మడిస్తే రేఖలకి మెలి దానంతటదే వస్తుందని తోచింది. (అంతరిక్షంలో టెలిస్కోపు పెట్టాలని 1946లోనే రాసినవాడూ ఈయనే, హబుల్‌కి మూలం ఆ ఆలోచన. ఒక్క మనిషికి ఇన్ని తట్టాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.) మొదటి చిన్న యంత్రాలు పనిచేశాయి గానీ, పెద్దవి కట్టేకొద్దీ ప్లాస్మా అనుకున్నదానికన్నా చాలా తొందరగా కారిపోయేది. ఇంతలో 1968లో నోవోసిబిర్స్క్ సదస్సులో సోవియట్ వాళ్ళు తమ టీ-3 టోకమాక్ వేడి లెక్కలు బయటపెట్టారు. ఎవరూ నమ్మలేదు. మరుసటి ఏడాది బ్రిటిష్ బృందం లేజర్ పట్టుకుని మాస్కో వెళ్ళి కొలిచి, నిజమేనని చెప్పింది. ఆ దెబ్బకి ప్రపంచమంతా టోకమాక్ వైపు తిరిగింది. స్పిట్జర్ సొంత ప్రయోగశాలలో ఉన్న మోడల్ సి స్టెల్లరేటర్‌ని కూడా 1970లో టోకమాక్‌గా మార్చేశారు.

మరి స్టెల్లరేటర్‌ని మళ్ళీ ఎందుకు పట్టుకున్నారు? టోకమాక్‌లో ప్లాస్మా కరెంటుని ప్రధానంగా ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిలో పుట్టిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు ఎంతసేపని పెంచుకుంటూ పోతాం, ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే, అందుకే వేరే మార్గాల్లో కరెంటు నిలబెట్టకపోతే యంత్రం విడతలు విడతలుగా నడవాలి. పైగా ఆ కరెంటు ఒక్కోసారి కొన్ని మిల్లీసెకన్లలోనే కుప్పకూలుతుంది, అప్పుడు యంత్రం గోడల మీద పడే బలం, వేడి మామూలుగా ఉండవు. స్టెల్లరేటర్‌లో ఆ పెద్ద కరెంటే లేదు. కాయిళ్ళలో కరెంటు ఉన్నంతసేపూ మెలి ఉంటుంది, వేడి అందించినంతసేపూ ప్లాస్మా ఉంటుంది. రాత్రీ పగలూ ఆగకుండా నడవాల్సిన పవర్ ప్లాంటుకి ఇది ఎంత పెద్ద సుఖమో కరెంటోళ్ళని అడిగితే చెబుతారు.

కానీ ఆ సుఖం ఊరికే రాదు. టోకమాక్ వలయం ఎక్కడ కోసి చూసినా ఒకేలా ఉంటుంది, ఆ సౌష్ఠవమే కణాల్ని కాపాడుతుంది. స్టెల్లరేటర్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కొన్ని కణాలు క్షేత్రం బలహీనంగా ఉన్న జేబుల్లో ఇరుక్కుని మెల్లగా బయటికి జారిపోతాయి. దీనికి దారి 1980ల్లో దొరికింది. యంత్రం ఆకారం మెలికలు తిరిగి ఉన్నా పర్వాలేదు, కణానికి తగిలే క్షేత్ర బలంలో ఒక దాచిన సౌష్ఠవం ఉంటే చాలని అలెన్ బూజర్ లెక్కలు చూపించాడు. అలాంటి ఆకారాలు నిజంగా ఉన్నాయని 1988లో యుర్గెన్ న్యూరెన్‌బర్గ్, రెగీనె జిల్లే కంప్యూటర్‌తో పట్టుకున్నారు. అప్పటి నుంచి డిజైన్ చేసే వరసే తిరగబడింది. ఇదివరకు కాయిల్ చుట్టి ప్లాస్మా ఎలా వస్తుందో చూసేవాళ్ళు. ఇప్పుడు ముందు ప్లాస్మా ఎలా ఉండాలో తేల్చుకుని, దానికి ఏ క్షేత్రం కావాలో లెక్కకట్టి, ఆఖరున ఆ క్షేత్రాన్నిచ్చే కాయిళ్ళు ఎలా ఉండాలో వెతుకుతారు. అందుకే బాబాయి చూసిన ఆ వంకరలు, ఒక్కోటీ లెక్కలో నుంచి వచ్చిందే.

ఇక ఆయన ప్రశ్నకి జవాబు. వెండెల్‌స్టైన్‌లో వంకర కాయిళ్ళు 50, బల్లపరుపువి 20. యంత్రం ఐదు ఒకేలాంటి భాగాలు, ఒక్కో భాగంలో, ఒకటి తలకిందులుగా తిప్పితే రెండోదానిలా ఉండే రెండు సగాలు కాబట్టి వంకర కాయిళ్ళు నిజానికి ఐదు రకాలే, రకానికి పది. ఐదు అచ్చులు చాలన్నమాట, అది విని ఆయన కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. తీగ మన ఎనామిల్ రాగి తీగ కాదు. నియోబియం-టైటానియం (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారించే సూపర్‌కండక్టర్) పోగులు పేని, అల్యూమినియం తొడుగులో పెట్టిన లావుపాటి కండక్టర్. ఆ అల్యూమినియం మిశ్రమాన్ని ఎంచుకోవడంలో చాలా తెలివి ఉంది. చుట్టేటప్పుడు మెత్తగా ఉండి చెప్పినట్టు వంగుతుంది, చుట్టడం అయ్యాక వేడిచేస్తే గట్టిపడుతుంది. అచ్చులో చుట్టు మీద చుట్టు కూర్చోబెట్టి, గాజు పట్టీ, రెజిన్‌తో బిగించి, పోతపోసిన ఉక్కు పెట్టెలో పెట్టి, సందుల్లో క్వార్ట్జ్ ఇసుక, రెజిన్ నింపారు. లోపల 18 వేల ఆంపియర్ల దాకా పారుతుంది, అప్పుడు కాయిల్‌కీ కాయిల్‌కీ మధ్య పుట్టే బలానికి ఏదీ వెంట్రుకవాసి కదలకూడదు.

మన వైండింగ్ షాపులో మోటార్ చుట్టి వార్నిష్ ఆరాక మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడకుండా బయటికి పంపరు. వీళ్ళూ అదే చేశారు, కాకపోతే ఇంకొంచెం క్రూరంగా. కాయిళ్ళు ఉండేది శూన్యంలో. చల్లబరిచే హీలియం కొంచెం లీకై అక్కడ పలచగా వాయువు చేరినట్టయితే, మామూలు గాలిలో ఏమీ కాని వోల్టేజీకి కూడా స్పార్క్ కొడుతుంది, ఎందుకంటే ఒక స్థాయి పలచని వాయువులో స్పార్క్‌కి కావాల్సిన వోల్టేజీ బాగా పడిపోతుంది. అందుకని గాలి ఒత్తిడిని మెల్లగా తగ్గిస్తూ వోల్టేజీ ఎక్కించి చూశారు, అలా చూసినప్పుడే చేత్తో ఇన్సులేషన్ వేసిన కొన్ని చోట్ల లోపాలు బయటపడ్డాయి, మళ్ళీ విప్పి సరిచేశారు. ఇది చాలక 70 కాయిళ్ళనీ ఒక్కొక్కటిగా ఫ్రాన్స్‌లోని సాక్లేకి పంపి, చల్లబరిచి, పూర్తి కరెంటు పారించి పరీక్షించారు. బిగింపు 2005లో మొదలై 2014లో అయింది. వంకరగా ఉన్న ప్లాస్మా పాత్ర మీదుగా ఆరు టన్నుల కాయిల్‌ని కొద్ది మిల్లీమీటర్ల సందుతో, ఎక్కడా తగలకుండా తిప్పుతూ ఎక్కించాలి. మొత్తం 10 లక్షల పనిగంటలు పైనే పట్టింది. అనుకున్న గడువు ఎన్నో ఏళ్ళు దాటిపోయింది. ఇలాంటి పనే పెట్టుకున్న ప్రిన్స్‌టన్‌లోని ఎన్‌సీఎస్‌ఎక్స్ అనే స్టెల్లరేటర్‌ని, ఖర్చూ గడువూ పెరిగిపోయాయని 2008లో మధ్యలోనే ఆపేశారు. అది పూర్తయ్యుంటే ఈ రంగం ఇవాళ ఇంకో పదేళ్ళు ముందుండేదని నా నమ్మకం.

ఇంత కష్టపడి కట్టినదాన్ని 2015లో మొదట ప్లాస్మా లేకుండానే పరీక్షించారు. ఖాళీ పాత్రలోకి సన్నటి ఎలక్ట్రాన్ పుంజం వదిలి, అది క్షేత్రరేఖ వెంట తిరుగుతూ వెలిగించిన చుక్కల్ని కెమెరాతో పట్టారు. ఒకదానిలో ఒకటి ఒదిగిన క్షేత్ర పొరలు ఆ ఫొటోల్లో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా లక్షలో ఒక వంతుకన్నా తక్కువని తేలింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా పెద్ద విజయం ఇదే, తర్వాత వచ్చిన రికార్డులన్నీ దీని మీద నిలబడినవే.

2015 డిసెంబర్ 10న ఒక మిల్లీగ్రాము హీలియంతో తొలి ప్లాస్మా పుట్టింది, సెకనులో పదో వంతు ఉంది. 2016 ఫిబ్రవరి 3న హైడ్రోజన్ ప్లాస్మాకి బటన్ నొక్కింది అప్పటి జర్మనీ చాన్సలర్ ఆంగెలా మెర్కెల్, ఆవిడ స్వయంగా భౌతికశాస్త్రం చదివిన మనిషి. నడపడం అంటే మొదట వారాల తరబడి 425 టన్నుల లోహాన్ని సున్నాకి కింద 270 డిగ్రీల దగ్గరికి దించాలి, హీలియంతో. దాని పక్కనే, ఒక మీటరు కూడా లేని దూరంలో, కోట్ల డిగ్రీల ప్లాస్మా. వేడి చేయడానికి 140 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు. ప్లాస్మా అంచు నుంచి కారే వేడిని డైవర్టర్ అనే పలకల మీదికి మళ్ళిస్తారు, అక్కడ చదరపు మీటరుకి 10 మెగావాట్ల దాకా పడుతుంది. ఆ పలకల వెనక నీళ్ళు పారే ఏర్పాటు కోసం యంత్రాన్ని 2018 నుంచి 2022 దాకా ఆపేశారు. ఆ తర్వాత 2023లో ఒకే ప్లాస్మాని 8 నిమిషాలు నిలబెట్టగలిగారు. 2025 మే 22న ఇంకో ప్రయోగంలో, గడ్డకట్టిన హైడ్రోజన్ గుళ్ళు దాదాపు 90, సెకనుకి వందల మీటర్ల వేగంతో ప్లాస్మాలోకి కొడుతూ, మైక్రోవేవ్ వేడిని ఆ దెబ్బలకి తగ్గట్టు సర్దుతూ, ప్లాస్మా వేడినీ చిక్కదనాన్నీ 43 సెకన్లపాటు మంచి స్థాయిలో నిలిపారు. ఇది కరెంటు ఇచ్చే యంత్రం కాదు, ట్రిటియం ఇందులో వాడరు కూడా. ఈ పద్ధతి పెద్ద ప్లాంటుకి పనికొస్తుందా అని తేల్చడమే దీని పని.

మన దేశంలో గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య, ఎస్ఎస్‌టీ-1 ఉన్నాయి, రెండూ టోకమాక్‌లే. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే పెద్ద టోకమాక్‌కి మనం పంపిన క్రయోస్టాట్ (యంత్రం మొత్తాన్నీ శూన్యంలో, చల్లగా ఉంచే పెద్ద డబ్బా) 3,850 టన్నుల ఉక్కు పని, చేసింది గుజరాత్‌లోని హజీరాలో. అంత పెద్ద వెల్డింగ్ చేసినవాళ్ళం ఒక చిన్న స్టెల్లరేటర్ ఎందుకు కట్టకూడదని నేను గట్టిగా అడుగుతాను. పూర్తిగా సూపర్‌కండక్టర్‌తోనే మొదలుపెట్టక్కర్లేదు, అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని హెచ్‌ఎస్‌ఎక్స్ మామూలు రాగి కాయిళ్ళు 48 పెట్టుకునే, దాచిన సౌష్ఠవం నిజంగా పనిచేస్తుందని చూపించింది.

కాయిళ్ళు కట్టే ముందు దశకైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. సిమ్‌సాప్ట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, పైథాన్ వచ్చినవాళ్ళు, అంటే గుంటూరు, విజయవాడ కాలేజీల్లో మెకానికల్, ఎలక్ట్రికల్ చదివే పిల్లల్లో చాలామంది, మామూలు ల్యాప్‌టాప్‌లోనే దాని ఉదాహరణలు నడుపుకోవచ్చు. ప్లాస్మా ఆకారం ఇస్తే కాయిళ్ళు వెతికి పెడుతుంది. వెతికేటప్పుడు కాయిల్ పొడవు ఇంతకి మించకూడదు, వంపు ఇంతకన్నా పదునుగా ఉండకూడదు, పక్క కాయిల్‌కి ఇంత ఎడం ఉండాలి అని షరతులు పెట్టవచ్చు. ముందు షరతులేవీ లేకుండా నడపండి, క్షేత్రం చక్కగా వస్తుంది, కాయిల్ మాత్రం ఎవరూ చుట్టలేనట్టు తయారవుతుంది. తర్వాత వంపు షరతు ఒక్కొక్క మెట్టే బిగిస్తూ, క్షేత్రంలో తప్పు ఎక్కడ మొదలై ఎలా పెరుగుతోందో రాసుకోండి. ఆ గ్రాఫు పట్టుకుని ఆటోనగర్‌లో ఏ వైండింగ్ షాపుకైనా వెళ్ళి, ఎంత వంపు దాకా చుట్టగలరో అడగండి.