డిస్ట్రిబ్యూటర్ విప్పినంత మాత్రాన ఇంజిన్ పోదు

"పుల్లీ మీద గీత కలిసింది, రోటరు ఒకటో ప్లగ్గు వైపే ఉంది. అయినా స్టార్ట్ కాదు, కార్బురేటర్‌లోంచి ఢామ్మని పేలుతోంది." డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం; లోపల తిరిగేదే రోటరు) విప్పి బిగించాక పాత అంబాసిడర్ల వాళ్లు షెడ్డుకు వచ్చి చెప్పే మాట ఇదే. ఇంజిన్ పోయిందేమోనన్న దిగులు ముఖంలో కనిపిస్తుంటుంది. పోలేదండీ.

అపోహ: గీత కలిస్తే టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) దొరికినట్టే.

వాస్తవం: సగమే దొరికినట్టు. క్రాంకు (పుల్లీని తిప్పే ఇంజిన్ ఇరుసు) రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ తిరిగేది ఒక్క చుట్టే. అందుకే గీత రెండుసార్లు కలుస్తుంది: ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్టు చివర. రెండోదాన్ని నమ్ముకుని బిగిస్తే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే వేళకు నిప్పురవ్వ పడుతుంది. ఇక పేలక ఏం చేస్తుంది?

ఒకటో ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు అదిమి పెట్టండి. ఇంజిన్ నడిచే దిక్కులోనే హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పించండి. గాలి వేలిని తన్నిన తర్వాత కలిసే గీతే మనకు కావలసింది. వాల్వు కవరు తీసి ఉంటే మరీ సులువు: నాలుగో సిలిండర్‌లో ఒక వాల్వు మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఉంటే ఒకటోది కంప్రెషన్‌లో ఉన్నట్టు.

ఆ మధ్య రిటైరైన మాస్టారొకరు 1489 సీసీ బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. వాళ్ల నాన్నగారు కొన్న కారు. వాళ్లూ వీళ్లూ చెప్పిన మాటలు విని కాయిల్, కండెన్సర్ మార్పించారు, కార్బురేటర్ విప్పించారు. చివరికి టైమింగ్ చైను పళ్లు దాటిందని ఎవరో బెదరగొట్టారట! ఈ డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే నాలుక ఒక పక్కకు జరిగి ఉంటుంది, తిరగేస్తే కూర్చోదు. కాబట్టి తప్పే జరగదని అందరి ధీమా. కానీ ఓవర్‌హాలింగులో కిందున్న డ్రైవ్ గేరునే తీసి అరచుట్టు తేడాతో దించారు. దాన్ని సరిగ్గా దించగానే బండి అందుకుంది. ఒకటి నాలుగు, రెండు మూడు వైర్లను అటూ ఇటూ మార్చినా నడిచేదే, కానీ తర్వాత చేసేవాడు తల పట్టుకుంటాడు.

టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే వేళ, ముందుకు జరిపితే మైలేజీ పెరుగుతుందా? ఘాట్ ఎక్కేటప్పుడు వచ్చే కటకట చప్పుడును అడగండి, పిస్టన్లు దెబ్బతింటున్న సంగతి అదే చెబుతుంది.

టైమింగ్ అయ్యాక పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) గ్యాప్ చూసుకోవచ్చా? కూడదు. గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది. ముందు 0.4 మిల్లీమీటర్లు పెట్టుకుని తర్వాతే టైమింగ్ జోలికి వెళ్లండి. ఫైరింగ్ వరుస 1-3-4-2, రోటరు తిరిగేది అపసవ్యంగా. స్ట్రోబ్ లైటు (టైమింగ్ చూసే మెరుపు దీపం) పెట్టేముందు డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ గొట్టం ఊడదీయండి. క్లాంప్ బోల్టు బిగించాక ఇంకోసారి చూడండి, ఎక్కువగా కదిలేది అప్పుడే.